వేరే దేశాల్లో ఉన్న పేదవాళ్లకి మామూలు మనుషులం సాయం చెయ్యాలంటే ఎలా చెయ్యాలి

కెన్యాలోనో నేపాల్‌లోనో మలావిలోనో కటిక పేదరికంలో ఉన్న ఒక కుటుంబానికి మనం ఇక్కడ కూర్చుని ఏమన్నా చెయ్యగలమా అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చెయ్యగలం, నిజంగానే చెయ్యగలం, దానికి కోటీశ్వరులు అవ్వక్కర్లేదు, నెలకి వెయ్యి రూపాయలో ఇరవై డాలర్లో పక్కన పెట్టగలిగితే చాలు, అదీ కుదరకపోతే వారానికి రెండు గంటల టైమ్ ఉన్నా చాలు. కాకపోతే ఎలా పడితే అలా చేస్తే డబ్బులు వృథా అవుతాయి, ఒక్కోసారి వాళ్లకి నష్టం కూడా జరుగుతుంది, అందుకే నాకు తెలిసినంతవరకు వరసగా రాస్తున్నా.

మన ఊళ్లో పేదోళ్లు లేరా అని వెంటనే ఎవరో ఒకరు అంటారు. ఉన్నారు, వాళ్లకి కూడా చెయ్యండి, ఇది దానికి పోటీ కాదు. కానీ మనవాళ్లు ఇప్పుడు డాలస్‌లో ఉన్నారు, దుబాయ్‌లో ఉన్నారు, లండన్‌లో ఉన్నారు, సంపాదన అక్కడిది, పక్క సీట్లో పనిచేసేవాడు నేపాలీ, ఆఫీసు క్లీన్ చేసే ఆవిడది ఇథియోపియా, అలాంటప్పుడు సాయం మాత్రం మన జిల్లా బోర్డర్ దగ్గర ఆగిపోవాలని ఎందుకు అనుకోవాలి. ఇంకోటేంటంటే వరల్డ్ బ్యాంక్ 2025 జూన్‌లో కడు పేదరికానికి పెట్టిన గీత రోజుకి 3 డాలర్లు, అది కూడా అక్కడి ధరలకి సరిపెట్టి వేసిన లెక్క, ఆ గీత కింద బతికేవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు సహారా కింద ఉన్న ఆఫ్రికా దేశాల్లోనే ఉన్నారు. 2025లోనే అమెరికా ప్రభుత్వం పేద దేశాలకి సాయం చేసే తన సంస్థ యూఎస్ ఎయిడ్‌ని ఆపేసింది, జులై 1కల్లా ఆ సంస్థ పనే అయిపోయింది, బ్రిటన్ కూడా తన విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.3 శాతానికి తగ్గిస్తానని ప్రకటించింది. అంటే మామూలు జనం ఇచ్చే చిన్న మొత్తాలకి ఇదివరకటికంటే ఇప్పుడే అవసరం ఎక్కువ.

స్టెప్ 1: వస్తువులు పంపే ఆలోచన పక్కన పెట్టండి

మనకి మొట్టమొదట తట్టేది పాత బట్టలు. బీరువాలో పడున్నాయి, మూట కట్టి ఇచ్చేద్దాం, ఎవరో ఒకరు కట్టుకుంటారు అని. ఘనా రాజధాని అక్రాలో కాంటామాంటో అని ఒక మార్కెట్ ఉంది, ఐరోపా, అమెరికా జనం వదిలించుకున్న బట్టలు వారానికి కోటిన్నర దాకా ఆ దేశానికి వస్తాయని అంచనా. అక్కడి చిన్న వ్యాపారి అప్పు చేసి సీల్ వేసిన బేల్, అంటే బట్టల మూట కొంటాడు, లోపల ఏముందో విప్పేదాకా తెలీదు, విప్పితే సగం చిరుగులు, మరకలు, అమ్ముడుపోనివి వస్తే ఆ నష్టం అతని మీదే పడుతుంది. ఆ బేళ్లని నెత్తిన మోసేది ఉత్తరాది నుంచి వలసొచ్చిన ఆడపిల్లలు, వాళ్లని కాయాయే అంటారు. మిగిలిపోయిన చెత్త కాలవల్లోకి, సముద్రం ఒడ్డుకి చేరుతుంది. మీ బీరువా ఖాళీ అయింది గానీ అక్కడ పేదరికం తగ్గలేదు.

వస్తువు కొత్తదైనా ఇదే కథ. దక్షిణాఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి వచ్చింది, పిల్లలు గుండ్రంగా తిరిగే రంగులరాట్నం లాంటిది ఆడుకుంటుంటే దాంతో బోరు నీళ్లు పైకొస్తాయన్నమాట, వింటానికి ఎంత బాగుందో. 2006లో అమెరికాలో ప్రభుత్వం, ఫౌండేషన్లు కలిసి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించాయి, నాలుగు వేల పంపులు పెట్టాలన్నది టార్గెట్, ఒక్కోదానికి ఖర్చు 14,000 డాలర్లు. తీరా చూస్తే పిల్లలు ఎంతసేపని ఆడతారు, నీళ్లు కావాల్సిన టైమ్‌కి పిల్లలు ఉండరు, చివరికి పెద్దాడవాళ్లు ఆ రాట్నాన్ని చేత్తో తోసుకుంటూ నీళ్లు పట్టుకోవాల్సొచ్చింది, పాత చేతిపంపే నయమన్నారు. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ ప్రోగ్రామ్ మూతపడింది. ఆ ఊరి ఆడవాళ్లని ముందే అడిగి ఉంటే ఏం కావాలో వాళ్లే చెప్పేవాళ్లు.

స్టెప్ 2: డబ్బే ఇవ్వండి, వీలైతే నేరుగా వాళ్ల చేతికే

నేను ఎక్కువ రాయాలనుకుంటున్నది దీని గురించే, ఎందుకంటే మనలో చాలామందికి నమ్మకం కుదరనిది ఇక్కడే. డబ్బులిస్తే తాగి తగలేస్తారు, పని మానేస్తారు అని.

పశ్చిమ కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున సియాయా అని ఒక కౌంటీ ఉంది. అక్కడ గివ్ డైరెక్ట్‌లీ అనే సంస్థ 2014 నుంచి 2017 దాకా దాదాపు 10,500 పేద కుటుంబాలకి తలా ఒక వెయ్యి డాలర్ల చొప్పున ఇచ్చింది, లోన్ కాదు, తిరిగి ఇవ్వక్కర్లేదు, దేనికి ఖర్చు పెట్టాలన్న షరతు లేదు. వాళ్లలో చాలామందికి అది ఇంచుమించు ఏడాదిలో ముప్పావు వంతు ఖర్చుకి సరిపడే డబ్బు. ఎవరికివ్వాలో ఎలా తేల్చారంటే, ఇంటి కప్పు గడ్డిదా కాదా అని చూశారు. తాటాకిల్లు ఉన్న కుటుంబాల్లో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, రెండేళ్లకో మూడేళ్లకో కప్పు మార్చాలి, ఆకు కొనాలి, కూలి ఇవ్వాలి, ఈలోపు వానొస్తే గిన్నెలు పెట్టుకుని కూర్చోవాలి, రేకులు వేయించుకుంటే ఆ ఖర్చు ఏళ్ల తరబడి తప్పిపోతుంది కానీ ఆ రేకులకి ఒక్కసారిగా డబ్బు ఎప్పటికీ సమకూరదు. అక్కడా అదే. రేకుల్ని వాళ్లు మబాటి అంటారు, డబ్బు చేతికి రాగానే చాలామంది మొదట చేసిన పని కప్పుకి మబాటి వేయించుకోవడం. తర్వాత ఆవులు, మేకలు, చిన్న కొట్లు, పిల్లల ఫీజులు.

డబ్బు అందే పద్ధతి కూడా తెలుసుకోండి, తెలిస్తేనే నమ్మకం కుదురుతుంది. ముందు ఊళ్లో మీటింగ్ పెడతారు, దాన్ని బరాజా అంటారు, ఊరి పెద్ద ముందర ఇది ఏంటి, ఎందుకు అని చెప్తారు. తర్వాత ఇంటింటికీ తిరిగి రాసుకుంటారు, ఆ రాసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు వచ్చి మళ్లీ చెక్ చేస్తారు, ఫోన్ లేనివాళ్లకి ఫోనో సిమ్మో ఏర్పాటు చేస్తారు, అప్పుడు ఎమ్‌పెసాలో డబ్బు వేస్తారు. ఎమ్‌పెసా అంటే కెన్యాలో 2007లో మొదలైన మొబైల్ మనీ, మనకి ఫోన్‌పే రావడానికి చాలా ఏళ్ల ముందే అక్కడ మామూలు కీప్యాడ్ ఫోన్‌లో మెసేజ్‌తో డబ్బు పంపుకునేవాళ్లు, సందు చివర చిన్న కొట్లో ఏజెంట్ దగ్గరికెళ్తే క్యాష్ ఇచ్చేస్తాడు. మధ్యలో లీడర్ చేతిలోనో ఆఫీసర్ చేతిలోనో డబ్బు పడదు.

ఇప్పుడు ఫలితం. ఎకనామిస్టులు 653 ఊళ్లలో కొన్నిటికి డబ్బు అందేలా, కొన్నిటికి అందకుండా లాటరీ పద్ధతిలో విడదీసి పోల్చారు. తీసుకున్నవాళ్ల ఖర్చు, ఆస్తులు పెరిగాయి సరే, డబ్బు అందని పక్కింటివాళ్ల ఖర్చు కూడా పెరిగింది, ఎందుకంటే ఈయన రేకులేయిస్తే ఆయనకి కూలి దొరికింది, ఈమె కొంటే ఆమె కొట్టు నడిచింది. ఇచ్చిన ఒక్కో డాలరుకి ఆ ప్రాంతంలో దాదాపు రెండున్నర డాలర్ల లావాదేవీ జరిగిందని తేలింది, ధరలు మాత్రం సగటున 0.1 శాతమే పెరిగాయి. అదే టీమ్ 2025లో ఇంకో లెక్క బయటపెట్టింది, డబ్బు అందిన కుటుంబాల్లో ఏడాది లోపు పసిపిల్లల మరణాలు సగం దాకా తగ్గాయి అని. ఇది చదివినప్పుడు నాకు కళ్లు తడిశాయి. కాన్పు దగ్గరపడ్డాక ఆ తల్లి బరువు పనులు మానుకోగలిగింది, ఆసుపత్రికి వెళ్లగలిగింది, కడుపుకి తినగలిగింది.

తాగుడు సంగతి కూడా చెప్పేస్తా. వరల్డ్ బ్యాంక్ రీసెర్చర్లు చాలా దేశాల స్టడీలు కలిపి చూశారు, డబ్బిచ్చినందువల్ల మందు, సిగరెట్ల ఖర్చు పెరిగిన దాఖలా లేదు. కెన్యాలోనే ఇంకో ప్రయోగంలో కొందరికి పన్నెండేళ్ల పాటు నెలనెలా డబ్బిస్తామని చెప్తే వాళ్లు ఏం చేశారో తెలుసా, చీటీలు కట్టుకున్నారు! అక్కడ చామా అంటారు, నెలకింత వేసి వంతులవారీగా మొత్తం పాడుకుని ఆ డబ్బుతో వ్యాపారం పెట్టుకున్నారు. డబ్బుని ఎలా వాడుకోవాలో పేదవాళ్లకి మనం నేర్పక్కర్లేదు.

స్టెప్ 3: లేదా ప్రాణం కాపాడే దానికి ఇవ్వండి

నగదు మీద మీకు ఇంకా మనసు పోకపోతే ఆరోగ్యం వైపు వెళ్లండి. మలేరియాతో ఏడాదికి ఇంకా ఆరు లక్షల మంది దాకా చనిపోతున్నారు, వాళ్లలో నూటికి 95 మంది ఆఫ్రికాలోనే, అందులోనూ ఎక్కువ అయిదేళ్ల లోపు పిల్లలే. మలేరియా దోమ వల్ల వస్తుందన్న ఆధారం రొనాల్డ్ రాస్‌కి దొరికింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర ఆయన పనిచేసిన బిల్డింగ్ ఇప్పటికీ ఉంది, అంత పాత సంగతి అయినా దోమతెర లేక పిల్లలు పోతున్నారంటే బాధగా ఉంటుంది.

మందు పట్టించిన దోమతెర ఒకటి సుమారు 2 డాలర్లు, ఇద్దరు పడుకోవచ్చు, మూడేళ్ల దాకా పనిచేస్తుంది. అగైనెస్ట్ మలేరియా ఫౌండేషన్ చేసేది ఈ పనొక్కటే. ఊరికే ఇస్తే విలువుండదు, ఎంతో కొంత రేటు పెట్టాలి అని ఒక వాదన ఉండేది, కెన్యాలోనే గర్భిణుల క్లినిక్కుల్లో పరీక్షించి చూశారు, 60 సెంట్లు రేటు పెట్టగానే తీసుకునేవాళ్లు నూటికి అరవై మంది తగ్గిపోయారు, ఊరికే తీసుకున్నవాళ్లు కొనుక్కున్నవాళ్లంత శ్రద్ధగానే వాడారు. కాబట్టి ఊరికే ఇవ్వడమే కరెక్ట్.

స్టెప్ 4: సంస్థని మీరే పరీక్షించండి

మొహమాటానికి పోయి, ఫొటో చూసి జాలిపడి ఇవ్వొద్దు. అమెరికాలో గివ్‌వెల్ అని 2007లో మొదలైన సంస్థ ఒకటుంది, వాళ్ల పనే ఛారిటీలని జల్లెడ పట్టడం, ఏడాదంతా లెక్కలు చూసి నాలుగైదింటినే పైన పెడతారు, లెక్కలన్నీ వెబ్‌సైట్‌లో ఫ్రీగా ఉంటాయి. టైమ్ లేనివాళ్లు అక్కడ ఉన్న పేర్లలోంచి ఒకటి తీసుకుంటే సరిపోతుంది.

మీ చర్చిలోనో, గుడి కమిటీలోనో, తెలుగు అసోసియేషన్‌లోనో ఎవరైనా వేరే సంస్థ పేరు చెప్తే, కింద రాసినవి మెయిల్‌లో అడగండి. పోయినేడాది ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది, ఆడిట్ రిపోర్ట్ ఉందా. మీ సాయం అందినవాళ్లని అందనివాళ్లతో పోల్చి ఎవరైనా బయటివాళ్లు స్టడీ చేశారా. అక్కడ పనిచేసేది ఆ దేశస్థులేనా. ఇంకా ముఖ్యమైనది, మీరు చేసినవాటిలో ఫెయిల్ అయింది ఏంటి. ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు ఇవ్వని సంస్థని నేను నమ్మను. గివ్ డైరెక్ట్‌లీకి కాంగోలో సొంత స్టాఫే కుమ్మక్కై దాదాపు 9 లక్షల డాలర్లు కొట్టేశారు, 2023లో ఆ సంగతి సంస్థే బయటికి చెప్పింది, ఎలా జరిగిందో కూడా రాసింది. కొందరు అది చదివి ఇవ్వడం మానేశారు, నాకు మాత్రం దాచుకోకుండా చెప్పినందుకు నమ్మకం పెరిగింది.

ఒకచోట పనిచేసింది ఇంకోచోట పనిచెయ్యకపోవచ్చని కూడా గుర్తుపెట్టుకోండి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, అందరికంటే పేద కుటుంబానికి ఒక ఆవో మేకలో ఇచ్చి, కొన్నాళ్లు తిండి ఖర్చు ఇచ్చి, వారం వారం ఇంటికొచ్చి నేర్పించి, పొదుపు అలవాటు చేసి వదిలేస్తారు. ఇథియోపియా, ఘనా, పాకిస్తాన్ లాంటి ఆరు దేశాల్లో పరీక్షిస్తే మొత్తం మీద బాగా పనిచేసిందని 2015లో తేలింది, మన దేశంలో బెంగాల్‌లో కూడా. అలాంటిదే మన మెదక్ జిల్లాలో చేస్తే మాత్రం చివరికి తేడా కనపడలేదు, ఎందుకంటే సరిగ్గా ఆ ఏళ్లలోనే అక్కడ కూలి రేట్లు బాగా పెరిగాయి, ఆ ప్రోగ్రామ్ గేదెలు అందనివాళ్లు కూలికెళ్లి అంతే సంపాదించారు. అందుకే ఇది ఎక్కడైనా గ్యారంటీ అని ఎవరైనా అంటే ఇంకో నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగండి.

స్టెప్ 5: డబ్బు పంపే దారి

ఇండియాలో ఉంటే: మనుషులు విదేశాలకి డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఎల్ఆర్ఎస్ స్కీమ్ కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపొచ్చు, అందులో డొనేషన్ కూడా ఒక కారణంగా ఉంది, బ్యాంకులో ఫారం ఏ2 నింపాలి, పాన్ కావాలి. టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే ట్యాక్స్ గురించి భయపడక్కర్లేదు, ఇప్పటి రూల్ ప్రకారం ఏడాదికి 10 లక్షలు దాటితేనే. విదేశీ సంస్థకి ఇస్తే విరాళం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు మాత్రం రాదు, అది ముందే తెలుసుకుని ఇవ్వండి. మన కార్డులతో ఫారిన్ వెబ్‌సైట్‌లో నెలనెలా ఆటోమేటిక్‌గా కట్ అయ్యేలా పెడితే చాలాసార్లు ఫెయిల్ అవుతుంది, ఆర్బీఐ ఈ మ్యాండేట్ రూల్స్ వల్ల, కాబట్టి నెలకి వెయ్యి చొప్పున విడిగా ఒక అకౌంట్‌లో దాచి ఆర్నెల్లకోసారి ఒకేసారి పంపండి, బ్యాంకు చార్జీలు కూడా కలిసొస్తాయి.

అమెరికాలో ఉంటే: అన్నిటికంటే ముందు మీ కంపెనీ హెచ్ఆర్ పోర్టల్‌లో డొనేషన్ మ్యాచింగ్ ఉందేమో చూడండి. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావాటికి ఉంటుంది, మీరు వంద ఇస్తే కంపెనీ ఇంకో వంద వేస్తుంది, మనవాళ్లు ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తూ కూడా ఒక్కసారీ ఆ పేజీ తెరవరు. అది ఊరికే పోతున్న డబ్బు. సంస్థకి ట్యాక్స్ మినహాయింపు హోదా ఉందో లేదో అక్కడి ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. 2026 నుంచి ఐటమైజ్ చెయ్యనివాళ్లు, అంటే మినహాయింపులు విడివిడిగా చూపించకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా ఒంటరిగా ఫైల్ చేస్తే 1,000 డాలర్లు, జంటగా అయితే 2,000 డాలర్ల దాకా నగదు విరాళం చూపించుకోవచ్చు.

బ్రిటన్‌లో ఉంటే గిఫ్ట్ ఎయిడ్ బాక్స్‌లో టిక్ పెట్టడం మర్చిపోకండి, మీరు ట్యాక్స్ కడుతుంటే ప్రతి పౌండుకీ ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది.

యూఏఈలో ఉన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. అక్కడ లైసెన్స్ ఉన్న సంస్థలు తప్ప ఎవరూ చందాలు వసూలు చెయ్యకూడదు, 2021 చట్టం ప్రకారం భారీ జరిమానా ఉంటుంది. ఎంత మంచి ఉద్దేశంతో అయినా వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టి కలెక్షన్ చెయ్యొద్దు, లైసెన్స్ ఉన్న సంస్థకి ఎవరికి వాళ్లు విడిగా ఇవ్వండి.

స్టెప్ 6: అప్పు రూపంలో సాయం అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి

కీవా లాంటి వెబ్‌సైట్లు ఉన్నాయి, 2005లో మొదలైంది అది, పాతిక డాలర్లు పెడితే ఏ ఫిలిప్పీన్స్‌లోనో కొట్టు నడిపే ఆవిడకి అప్పుగా వెళ్తుంది, తర్వాత మీ డబ్బు మీకొస్తుంది. మీకు వడ్డీ రాదు గానీ అక్కడ అప్పిచ్చే లోకల్ సంస్థ ఆమె దగ్గర వడ్డీ తీసుకుంటుంది, ఇది చాలామందికి తెలీదు. పైగా మీరు ఫొటో చూసి క్లిక్ చేసేటప్పటికి చాలాసార్లు ఆమెకి అప్పు ఇచ్చేసే ఉంటారు, మీ డబ్బు ఆ సంస్థకి చేరుతుంది.

మైక్రోఫైనాన్స్ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూశాం, ఒక్కో ఇంట్లో మూడు నాలుగు కంపెనీల అప్పులు, వారం వారం వసూళ్లు, ఇంటి ముందు కూర్చుని పరువు తియ్యడం, ఆత్మహత్యల వార్తలు, అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సొచ్చింది. హైదరాబాద్‌లోనే 104 బస్తీల్లో, సగం బస్తీల్లో లోన్లు ఇచ్చి సగంలో ఇవ్వకుండా చేసిన స్టడీలో కూడా తేలింది ఏంటంటే, అప్పటికే వ్యాపారం ఉన్న కొందరికి పనికొచ్చింది, మొత్తం మీద చూస్తే ఇంటి ఖర్చు పెరగలేదు, పిల్లల చదువులో మార్పు లేదు. ఇప్పుడు కంబోడియాలో అలాంటి పరిస్థితే ఉంది, అక్కడ భూమి పట్టా తాకట్టు పెట్టి మైక్రో లోన్లు తీసుకున్న రైతులు అప్పు తీర్చలేక భూములు అమ్ముకుంటున్నారు. పేదవాడికి అప్పు ఉపయోగపడే సందర్భాలు ఉంటాయి, కాదనను, కానీ సాయం చెయ్యాలన్న మనసుతో ఇచ్చే డబ్బు అయితే అప్పుగా కంటే ఊరికే ఇవ్వండి.

స్టెప్ 7: పిల్లల్ని సర్వీస్ ట్రిప్‌కి పంపేముందు

అమెరికాలో మన కుటుంబాల్లో ఇది ఎక్కువ, కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుందని సమ్మర్‌లో పిల్లల్ని ఏ నేపాల్‌కో కంబోడియాకో రెండు వారాలు పంపిస్తారు, అనాథాశ్రమంలో ఆడించడానికి. దయచేసి అనాథాశ్రమం ట్రిప్‌లకి మాత్రం వద్దు. అలాంటి చోట్ల ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. నేపాల్‌లో హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల నుంచి బాగా చదివిస్తామని చెప్పి బ్రోకర్లు పిల్లల్ని ఖాట్మండు తీసుకొచ్చి ఆశ్రమాల్లో చేర్పించారు, ఎందుకంటే పిల్లలుంటేనే ఫారిన్‌వాళ్లు వస్తారు, డొనేషన్లు వస్తాయి. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ దీన్ని ఆధునిక బానిసత్వం కింద లెక్కేసింది. ఆ ట్రిప్ ఖర్చు మూడు నాలుగు వేల డాలర్లు ఉంటుంది, సియాయాలో మూడు నాలుగు కుటుంబాలకి ఇచ్చినంత డబ్బు అది. మీ అబ్బాయికో అమ్మాయికో నిజంగా ఆసక్తి ఉంటే కింద స్టెప్ చేయించండి, అది ఎక్కువ పనికొస్తుంది.

స్టెప్ 8: డబ్బు లేదు, ల్యాప్‌టాప్ ఉంది అంటే మ్యాప్ గియ్యండి

ఇంజనీరింగ్ స్టూడెంట్లకి, రిటైరైన టీచర్లకి, ఇంట్లో ఉండే ఎవరికైనా నేను గట్టిగా చెప్పేది ఇదే. కాంగోలో, మలావిలో, మడగాస్కర్‌లో చాలా ఊళ్లు ఏ మ్యాప్‌లోనూ సరిగ్గా ఉండవు. ఊరెక్కడుందో, ఎన్నిళ్లున్నాయో తెలీకపోతే దోమతెరలు ఎన్ని పంపాలి, టీకా టీమ్ ఏ దారిన వెళ్లాలి అన్నది తేలదు. అందుకని ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే అందరి మ్యాప్‌లో వలంటీర్లు శాటిలైట్ ఫొటో చూసి ఇళ్లు, రోడ్లు గీస్తారు. 2010లో హైతీ భూకంపం అప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి జనం ఇలాగే కొద్ది రోజుల్లో పోర్ట్ ఓ ప్రిన్స్ మ్యాప్ గీసిచ్చారు, 2014లో రెడ్‌క్రాస్, డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్, ఈ మ్యాప్ వలంటీర్లని నడిపించే హాట్ అనే సంస్థ కలిసి ఇదే పనికి మిస్సింగ్ మ్యాప్స్ అని మొదలుపెట్టాయి.

చెయ్యడం ఇలా. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఫ్రీ అకౌంట్ తెరవండి, అదే లాగిన్‌తో హాట్ వాళ్ల టాస్కింగ్ మేనేజర్‌లోకి వెళ్లండి, బిగినర్ అని రాసున్న ప్రాజెక్ట్ ఒకటి ఎంచుకోండి. ఒక పెద్ద ప్రాంతం చిన్న చిన్న గడులుగా విడగొట్టి కనిపిస్తుంది, ఒక గడి తీసుకుంటే అది మీ పేరు మీద లాక్ అవుతుంది. ఇప్పుడు శాటిలైట్ ఫొటోలో ఇళ్లని వెతకండి. రేకుల ఇల్లు అయితే ఎండకి మెరుస్తూ నలుచదరంగా ఉంటుంది, దాని నాలుగు మూలలు క్లిక్ చేసి బిల్డింగ్ అని పెట్టి కీబోర్డు మీద Q కీ నొక్కితే మూలలు సర్దుకుంటాయి. గడ్డి గుడిసె అయితే గోధుమరంగు చుక్కలా గుండ్రంగా ఉంటుంది, చుట్టూ నాలుగైదు పాయింట్లు పెట్టి O కీ నొక్కితే గుండ్రంగా అయిపోతుంది. కొత్తవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే నీడని కూడా కలిపి గీసేస్తారు, ఇంటి నీడ ఎటువైపు పడిందో గడి మొత్తంలో ఒకటే దిక్కు ఉంటుంది, అది ముందే చూసుకుంటే తేలిక. చెట్టు కింద గొడ్లపాకో ఇల్లో అర్థం కాకపోతే వదిలేయండి, కామెంట్‌లో రాయండి, అనుభవం ఉన్నవాళ్లు మళ్లీ చెక్ చేస్తారు, వాళ్లు తప్పు చూపిస్తే బాధపడకండి, మీరు నేర్చుకోవడానికే చెప్తారు. ముప్పై నలభై ఇళ్లకోసారి సేవ్ చేస్తూ ఉండండి, లేకపోతే గీసింది పోయే ప్రమాదం ఉంది. మొదట్లో ఒక గడికి గంట పడుతుంది, తర్వాత చెయ్యి అలవాటు పడుతుంది.

స్టెప్ 9: గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వెళ్లినవాళ్లు ఉండే క్యాంపుల్లోనే నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లు ఉంటారు. మన మనిషి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంట్‌కి కట్టినట్టే, నేపాల్ ఊళ్లలోనూ ఏడాదికి 36 శాతం వడ్డీ మామూలే, సరిగ్గా అదే మూడు రూపాయల వడ్డీ! వెళ్లిన మొదటి ఏడాది, రెండేళ్ల జీతం ఆ అప్పుకే పోతుంది. నేపాల్ ప్రభుత్వం 2015లోనే గల్ఫ్ దేశాలకీ మలేసియాకీ వెళ్లేవాళ్లకి వీసా, టికెట్ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని రూల్ పెట్టింది, ఏజెంట్ ఫీజు పదివేల నేపాలీ రూపాయలు దాటకూడదంది, అయినా చాటుగా వసూళ్లు ఆగలేదు. యూఏఈ లేబర్ చట్టంలో కూడా రిక్రూట్‌మెంట్ ఖర్చు వర్కర్ దగ్గర తీసుకోకూడదని ఉంది.

మీరు అక్కడ సూపర్‌వైజర్‌గానో హెచ్ఆర్‌లోనో అకౌంట్స్‌లోనో ఉంటే మీ చేతిలో చాలా ఉంది. కొత్త బ్యాచ్ దిగినప్పుడు ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి, ఎంత కట్టి వచ్చావు, ఎవరికి కట్టావు అని అడిగి రాసుకోండి, ఏజెంట్ ఎదురుగా అడిగితే చెప్పరు, హిందీలో మెల్లగా మాట్లాడితే చెప్తారు. ఆ లిస్టు మేనేజ్‌మెంట్ ముందు పెట్టండి, పెద్ద ప్రాజెక్టుల్లో క్లయింట్ కంపెనీలు ఈ విషయంలో ఆడిట్ చేస్తాయి, అందుకని మేనేజ్‌మెంట్ కూడా పట్టించుకోక తప్పదు, కొన్ని కంపెనీలు ఆ డబ్బు వర్కర్లకి తిరిగిచ్చాయి కూడా. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర పెట్టుకుంటే అది చట్టవిరుద్ధమని ఆ కుర్రాడికి చెప్పండి, తన కాపీ ఫోన్‌లో ఫొటో తీయించి ఇంటికి పంపించమనండి.

జీతం రోజున ఇంకో పని. ఎక్స్చేంజ్‌లో ఫీజు తక్కువని బోర్డు పెట్టి రేటులో కొట్టేస్తారు, ఫీజు, రేటు రెండూ కలిపి అంతర్జాతీయంగా సగటున పంపిన డబ్బులో ఆరు శాతం పైనే పోతోంది, దాన్ని 2030కల్లా మూడు శాతం లోపుకి తేవాలని ఐక్యరాజ్యసమితి టార్గెట్. ఫీజు ఎంత అని అడిగి ఊరుకోకుండా, 500 దిర్హమ్‌లు ఇస్తే ఇంట్లో చేతికి ఎన్ని నేపాలీ రూపాయలు అందుతాయి అని రెండు మూడు చోట్ల అడిగి పోల్చుకోవడం మీ రూమ్మేట్‌కి నేర్పండి, వరల్డ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో దేశాలవారీగా ఈ రేట్ల పోలిక ఫ్రీగా ఉంటుంది, మీ ఫోన్‌లో తెరిచి చూపిస్తే చాలు.